చెంచాడు పంచదార, లీటరు గాలి

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి మా మేనల్లుడి దగ్గర్నుంచి వీడియో కాల్ వచ్చింది. వాడుండేది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో. శ్రీకాకుళంలో తొమ్మిదిన్నర అంటే అక్కడ తెల్లవారుజాము నాలుగు. ఆ వేళప్పుడు ఫోనొస్తే ఎవరికైనా టెన్షనే.

"మావయ్యా, పేలిపోనాయి."

"ఏట్రా పేలిపోనాయి?"

"సీసాలు మావయ్యా. ఒకటి పేలి పక్కదానికి తగిలితే అది కూడా పోనాది. బీరువా తలుపు తియ్యాలంటే భయమేస్తంది."

"బీరువాలో బీరేట్రా" అని నవ్వబోయి, వాడి మొహం చూసి ఊరుకున్నాను.

వాడు రెండేళ్లుగా ఇంట్లో బీరు చేసుకుంటున్నాడు. మా అక్కకి ఈ సంగతి తెలీదు. ఆవిడ నా వ్యాసాలు చదవదన్న ధైర్యంతోనే రాస్తున్నాను. బ్రిటన్‌లో సొంతానికి చేసుకునే బీరుకి 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు. మన దగ్గర అలా కాదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా చెయ్యడం నేరం. కాబట్టి ఇది చదివి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఎవరూ బకెట్లు కడగడం మొదలెట్టొద్దు. కానీ ఆ సీసాలో ఏం జరిగిందన్నది మాత్రం కల్లు లొట్టి, ఇడ్లీ పిండి, గోళీ సోడా తెలిసిన ఎవరికైనా అర్థమయ్యే సంగతే.

వాడు నాకే ఎందుకు చేశాడంటే, ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాణ్ని. అంతకుముందు సోడా షాపు వాళ్ల అబ్బాయిని. సీసాలు పేలడం గురించి మా బంధువులందరిలోకీ నాకే ఎక్కువ తెలుసని వాడి నమ్మకం.

నేనడిగిన మొదటి ప్రశ్న అందరూ అడిగేదే. "పంచదార ఎంత వేశావు?"

"20 లీటర్లకి 117 గ్రాములు. లెక్క కట్టే వేశాను మావయ్యా."

ఫోను పక్కన పెట్టి కాగితం మీద లెక్క చేశాను. సరిగ్గా 117 వచ్చింది. పంచదార ఎక్కువవలేదు, సీసాలు మాత్రం పేలాయి. ఈ ముడి విప్పడానికి ఆ రోజు నాకూ వాడికీ రెండు గంటలు పట్టింది.

ముందు అసలు బీరులో పంచదార ఎందుకు వేస్తారో చెప్పాలి. తీపికోసం మాత్రం కాదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెడితే తియ్యటి రసం దిగుతుంది. దాన్ని హాప్స్ పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేసి మూత పెడతారు. ఈస్ట్ ఆ తీపిని తిని రెండు వదులుతుంది: ఒకటి ఆల్కహాల్, రెండోది కార్బన్ డయాక్సైడ్. ఆ గ్యాసు బకెట్ మూతకున్న చిన్న నీళ్లగొట్టంలోంచి బుడబుడమంటూ బయటికి పోతుంది. పది, పన్నెండు రోజులకి బుడగలు ఆగుతాయి. అప్పుడు రుచి చూస్తే బీరే, కానీ చప్పగా ఉంటుంది. నురగ లేదు, నాలుక మీద చురుకు లేదు. పుట్టిన గ్యాసంతా పుట్టినట్టే పోయింది మరి.

ఫ్యాక్టరీలో అయితే ఇక్కడ సోడా పద్ధతే, సిలిండర్ నుంచి గ్యాసు ఎక్కిస్తారు. ఇంట్లో చేసుకునేవాళ్లు ఇంకో దారి పట్టారు. సీసాల్లో పోసే ముందు బీరులో కొంచెం పంచదార కలిపి, రేకు మూత బిగించేస్తారు. బీరు తేటగా కనిపించినా అందులో కంటికి కనపడని ఈస్ట్ లక్షల్లో ఉంటుంది. అది ఈ పంచదారని తిని మళ్లీ గ్యాసు వదులుతుంది. ఈసారి ఆ గ్యాసుకి దారి లేదు. సీసాలోనే ఉండి బీరులో కరుగుతుంది.

కల్లు తాగేవాళ్లకి ఇది కొత్త కాదు. తాటి కల్లయినా జీలుగ కల్లయినా లొట్టిలో ఇంకా పులుస్తూనే ఉంటుంది కాబట్టి పైన నురగ, లోపల చురుకు. కానీ లొట్టికి మూత బిగించరు. సీతంపేట వైపు నుంచి జీలుగ కల్లు ప్లాస్టిక్ బాటిల్లో పోసి, మూత గట్టిగా తిప్పి, మే నెలలో బస్సెక్కినవాళ్లని అడగండి. సీటు కింద నుంచి 'ఠప్'మని వినిపిస్తే బస్సంతా వెనక్కి తిరుగుతుంది.

మా నాన్న సోడా షాపు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక సందులో ఉండేది. చిన్నప్పుడు సెలవులొస్తే నా పని చక్రం తిప్పడం. గోళీ సీసాల్లో నీళ్లు పోసి, వాటిని ఇనప పెట్టెలాంటి యంత్రంలో బిగించేవాళ్లం. పక్కన మనిషెత్తు సిలిండర్. నాన్న వాల్వు కొంచెం తిప్పితే 'సుయ్'మని శబ్దం. నేను చక్రం తిప్పుతుంటే సీసాలు పల్టీలు కొట్టేవి, నీళ్లూ గ్యాసూ కలిసేవి. తలకిందులైనప్పుడు గోళీ జారి మెడలో ఉన్న రబ్బరు వాషరు దగ్గరికి వస్తుంది, లోపలి గ్యాసే దాన్ని వాషరుకి అదిమి పట్టుకుంటుంది. మూత లేదు, మేకు లేదు, లోపలి ఒత్తిడే తాళం. 1872లో హిరమ్ కాడ్ అనే ఇంగ్లిషాయన ఈ సీసాకి పేటెంటు తీసుకున్నాడట. ఆ ఊరివాళ్లు ఎప్పుడో మర్చిపోయారు, మనం మాత్రం అరసవల్లి రథసప్తమికీ పైడితల్లి సిరిమానుకీ ఇంకా తాగుతున్నాం.

చక్రం తిప్పుతున్నంతసేపూ నాన్న కళ్లు సీసాల మీద ఉండేవి కావు. సిలిండర్ మీదున్న మీటరు ముల్లు మీద ఉండేవి. యంత్రం మీద తడి గోనెపట్టా కప్పేవాడు. ఒకసారి పట్టా కప్పడం మరిచిపోయిన రోజునే సీసా పగిలింది. నా ఎడమ మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

మావాడి సీసాలకీ మా సోడా సీసాలకీ ఉన్న తేడా అదొక్కటే. సోడాకి గ్యాసు బయటినుంచి వస్తుంది కాబట్టి మీటరు చూసి ఆపొచ్చు. బీరు సీసాలో గ్యాసు లోపలే పుడుతుంది. ముల్లు లేదు, వాల్వు లేదు. మూత బిగించాక మన చేతిలో ఏమీ ఉండదు. బిగించే ముందు వేసిన లెక్కే మీటరు.

ఆ లెక్క నిజానికి ఇంటర్ ఫస్టియర్ లెక్క. 342 గ్రాముల పంచదార 18 గ్రాముల నీటితో కలిసి విడిపోయి, ఈస్ట్ పొట్టలోంచి బయటికొచ్చేసరికి 176 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 184 గ్రాముల ఆల్కహాల్ అవుతుంది. అంటే గ్రాము పంచదారకి అర గ్రాము గ్యాసు, కాస్త పైన. బోర్డు మీద ఇది రాస్తే పిల్లలు ఆవులించేవాళ్లు. అందుకని బేకరీ నుంచి ఈస్ట్ తెచ్చి, లీటరు బాటిల్లో గోరువెచ్చని నీళ్లు కొంచెం పోసి, ఈస్టూ చెంచాడు పంచదారా వేసి, మూతికి బెలూన్ తొడిగి కిటికీ దగ్గర పెట్టేవాణ్ని. మధ్యాహ్నానికి బెలూన్ నిలబడేది. చెంచాడంటే 4 గ్రాములు అనుకోండి. దానినుంచి వచ్చేది 2 గ్రాముల గ్యాసు. మన గది వేడికి అది లీటరుకి పైనే చోటు ఆక్రమిస్తుంది. కొంత నీళ్లలోనే కరిగిపోతుంది కాబట్టి బెలూన్ అంత పెద్దదవదు గానీ, చెంచాలో ఇమిడే తీపి బెలూన్లో పట్టనంత గాలవుతుందని పిల్లలకి తెలిసేది. "సార్, పంచదారలో గాలెక్కడుంది?" అని అడగని బ్యాచి లేదు.

బీరు చేసేవాళ్లు గ్యాసుని గ్రాముల్లో కాకుండా 'వాల్యూముల్లో' చెప్పుకుంటారు. లీటరు బీరులో లీటరు గ్యాసు కరిగి ఉంటే ఒక వాల్యూమ్. లీటరు గ్యాసంటే సున్నా డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ ఒత్తిడిలో కొలిచినది, బరువు 1.96 గ్రాములు. దీన్నిబట్టి లీటరు బీరుకి సుమారు 4 గ్రాముల పంచదార వేస్తే ఒక వాల్యూమ్ పెరుగుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంగ్లండ్ పాతకాలపు ఏల్ బీర్లలో 1.5 నుంచి 2 వాల్యూములుంటాయి. మామూలు లాగర్లలో రెండున్నర అటూఇటూ. జర్మన్ గోధుమ బీరు మూడున్నర, నాలుగు దాకా పోతుంది, దాని సీసాలూ మందంగానే ఉంటాయి. మావాడికి కావలసింది 2.4.

లీటరుకి 4 గ్రాముల లెక్కన 2.4 వాల్యూములకి, 20 లీటర్లకి 192 గ్రాములు వెయ్యాలి కదా, మరి 117 ఏమిటి అని మీకు అనుమానం రావాలి. వచ్చిందంటే సగం విషయం పట్టుకున్నట్టే. సీసాలో గ్యాసు మూడు చోట్ల నుంచి వస్తుంది. మనం వేసే పంచదార అందులో ఒకటి మాత్రమే.

బీరులో ముందే కొంత గ్యాసు ఉంటుంది. పులిసేటప్పుడు పుట్టిన గ్యాసులో ఎక్కువ భాగం పోయినా, కొంత కరిగి మిగిలిపోతుంది. ఎంత మిగులుతుందన్నది వేడిని బట్టి. చల్లటి ద్రవం గ్యాసుని ఎక్కువ పట్టుకుంటుంది, వేడెక్కితే వదిలేస్తుంది. ఎండలో ఉన్న సోడా కొడితే సగం చొక్కా మీదే పడేది ఇందుకే. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో 0.86 వాల్యూమ్ మిగిలి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గరయితే 0.7. 4 డిగ్రీల దగ్గర 1.5. కావలసిన 2.4లోంచి 0.86 తీసేస్తే 1.54. 4 అన్నది గుర్తుకోసం చెప్పిన గుండు లెక్క; కచ్చితంగా 3.8 గ్రాముల చొప్పున వేస్తే, దానికి సరిపడా పంచదార 117 గ్రాములు.

డిసెంబర్లో చేసిన బీరుకి మావాడు ఇక్కడే దెబ్బతిన్నాడు. ఆ బీరుని 20 డిగ్రీల దగ్గరే పులియబెట్టి, తేటపడాలని చివర్లో వారం రోజులు చల్లటి గరాజ్‌లో పెట్టాడు. సీసాల్లో పోసే రోజు బీరు 4 డిగ్రీలుంది. ఇంటర్నెట్ కాలిక్యులేటర్ ఉష్ణోగ్రత అడిగితే 4 అని కొట్టాడు. అది "ఆల్రెడీ 1.5 ఉంది, 68 గ్రాములు చాలు" అంది. అంతే వేశాడు. చప్పటి బీరు తయారైంది.

తప్పు కాలిక్యులేటర్‌ది కాదు. 4 డిగ్రీల బీరు 1.5 వాల్యూములు పట్టుకోగలదు, నిజమే. కానీ పట్టుకోవడానికి అక్కడ గ్యాసేది? 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే పోవలసింది పోయింది. తర్వాత చల్లబరిస్తే పోయింది తిరిగి రాదు. పెద్ద సంచి పట్టుకెళ్లినంత మాత్రాన సంతలో సరుకు దానంతటదే వచ్చి అందులో పడదు. అందుకే అక్కడ కొట్టాల్సింది సీసాల్లో పోసేనాటి చలి కాదు, పులియడం పూర్తయ్యే వేళ నుంచి బీరు చూసిన ఎక్కువ వేడి. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడ తడబడడం నేను చూశాను. వాడికి 1.76 వాల్యూములొచ్చింది. "ఇంగ్లండ్‌లో ఉన్నావు కదా, పాతకాలపు ఏల్ అనుకుని తాగు" అన్నాను. వాడికి నచ్చలేదు.

జనవరి బీరుకి ఆ తప్పు చెయ్యలేదు. 20 అని కొట్టాడు, 117 వేశాడు. అదే పేలింది.

దొంగ మూడో చోట ఉన్నాడు. బీరులో అప్పటికే మిగిలిపోయిన తీపి.

దీన్ని పట్టుకోవడానికి ఒక గాజు గొట్టం ఉంటుంది, హైడ్రోమీటరు. పాల కేంద్రంలో లాక్టోమీటరు చూసే ఉంటారు, దాని అన్నదమ్ముడే. పాలల్లో నీళ్లు కలిస్తే అది మునిగినట్టు, బీరులో తీపి తగ్గేకొద్దీ ఇది మునుగుతుంది. మావాడి రసం మొదట్లో 1.048 చూపించింది. నీళ్లు 1.000 కదా, మిగతా 48 తీపివల్ల. ఆ రకం ఈస్ట్ అందులో నాలుగింట మూడొంతులు తింటుంది కాబట్టి 1.012 దగ్గర ఆగాలి.

"సీసాల్లో పోసే రోజు ఎంతుందిరా?"

కాసేపు మాట్లాడలేదు. నోట్‌బుక్ తిరగేసిన చప్పుడు. "1.016 మావయ్యా. బుడగలు ఆగిపోనాయి కదా, అయిపోయిందనుకున్నాను."

బుడగలు ఆగడం వేరు, పులియడం అవ్వడం వేరు. జనవరిలో వాడు ఆఫీసుకి పోతూ హీటర్ ఆపేసేవాడు. ఇల్లు 13, 14 డిగ్రీలకి దిగిపోయేది. ఏల్ ఈస్ట్‌కి ఆ చలి పడదు. పని సగంలో వదిలేసి అడుక్కి దిగి పడుకుంది. చలికాలం రాత్రి ఇడ్లీ పిండి పొంగదు, పొద్దున్న ఎండలో పెడితే పొంగుతుంది. ఇదీ అంతే. ఆ తర్వాత వాడు ఏం చేశాడో చూడండి. బీరుని సైఫన్ గొట్టంతో ఇంకో బకెట్లోకి తోడాడు, పడుకున్న ఈస్ట్ లేచింది. పంచదార పోశాడు, తిండి దొరికింది. సీసాలు తీసుకెళ్లి వేడినీళ్ల ట్యాంకు ఉండే బట్టల బీరువాలో పెట్టాడు. అక్కడ 30 డిగ్రీలు. త్వరగా గ్యాసు పట్టాలని! ఈస్ట్ ముందు పంచదార తినేసి, తర్వాత వదిలేసిన పాత పని పూర్తి చెయ్యడానికి కూర్చుంది.

హైడ్రోమీటరు మీద చివరి స్థానంలో ఒక్క అంకె దిగితే దాదాపు అర వాల్యూమ్ గ్యాసు. 1.016 నుంచి 1.012కి నాలుగంకెలు, అంటే రెండు వాల్యూములు. వాడు లెక్కగట్టిన 2.4కి ఇది కలిస్తే 4.4.

ఈ అంకెలు టైర్ల భాషలోకి మారిస్తే గానీ వాడికి తలకెక్కలేదు. 2.4 వాల్యూముల సీసాలో 20 డిగ్రీల దగ్గర ఒత్తిడి, గాలి కొట్టించేటప్పుడు చెప్పే లెక్కలో 25 ఉంటుంది. స్కూటర్ ముందు టైరంత. అదే సీసా 30 డిగ్రీలకి వస్తే 38. మన మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీల గదిలో 45. మంచి సీసా తట్టుకుంటుంది. కానీ 4.4 వాల్యూములు, 30 డిగ్రీల బీరువా అంటే 80 దాటుతుంది. కారు టైరులో పట్టే గాలికి రెండున్నర రెట్లు, గాజులో. పైగా వాడివి సంతలో కొన్న పాత సీసాలు. ఎక్కడో వెంట్రుకంత పగులుంటే చాలు.

అన్ని సీసాలూ అంతదాకా పోకముందే రెండు పోవడం ఒకరకంగా మంచిదే అయింది. మిగతా ముప్పై ఎనిమిదీ ఇంకా గ్యాసు పోగేసుకుంటున్నాయి.

"ముందు ఆ తలుపు తియ్యకు" అన్నాను. "బాయిలర్ ఆపు. ఆ గది కిటికీ తెరువు. బయటెంతుంది?"

"రెండు, మూడు."

"ఉండనీ. పది గంటలు దాని జోలికెళ్లకు. వెళ్లేటప్పుడు కళ్లద్దాలు, మందం చేతి తొడుగులు, చలికోటు. అన్నీ వేసుకో."

చల్లబడితే బీరు గ్యాసుని తనలోకి లాక్కుంటుంది, ఒత్తిడి దిగుతుంది. 4.4 వాల్యూములున్నా 4 డిగ్రీల దగ్గర ఒత్తిడి 30కి వచ్చేస్తుంది. గ్యాసు ఎక్కడికీ పోలేదు, సీసా బిగిసే ఉంది, అయినా 80 కాస్తా 30 అవుతుంది. 1803లో విలియం హెన్రీ అనే ఇంగ్లిషాయన నీళ్లలో గ్యాసు కరిగే తీరు కొలిచి చెప్పిన సూత్రం ఇంటర్లో మూడు మార్కుల ప్రశ్న. అదే ఆ రోజు మా అక్క కొడుకు కళ్లు కాపాడింది. నేను ఈ ప్రశ్నని పరీక్షకి ముఖ్యం కాదని చాలా బ్యాచిలకి చెప్పిన పాపం ఉంది.

ఈ పేలుళ్లు మావాడితో మొదలవలేదు. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో వైన్‌కి ఇలాగే సీసాలో గ్యాసు పట్టిస్తారు. అక్కడ నేలమాళిగల్లో ఒక సీసా పేలితే వరసంతా పోయేది. పనివాళ్లు మొహానికి ఇనప ముసుగులు తొడుక్కుని దిగేవాళ్లు. వాళ్లకీ మావాడికొచ్చిన సమస్యే: పంచదార ఎంత వెయ్యాలో తెలుసు, వైన్‌లో ముందే ఎంత తీపి మిగిలిందో తెలీదు. 1830ల్లో ఫ్రాంస్వా అనే మందుల తయారీదారు మిగిలిన తీపిని కొలిచి, దాన్ని తీసేసి మిగతాదే వెయ్యాలని లెక్క చూపించాడు. ఆ తర్వాతే పేలుళ్లు తగ్గుముఖం పట్టాయి. వాళ్లిప్పుడు లీటరుకి 24 గ్రాముల దాకా పంచదార వేస్తారు, మావాడు వేసిన దానికి నాలుగు రెట్లు. ఆ సీసా ఎందుకంత బరువుంటుందో ఇక చెప్పక్కర్లేదు.

తీపి మిగిలిందో లేదో తేల్చుకోవడం కష్టమేం కాదు, ఓపిక కావాలంతే. హైడ్రోమీటరు మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపించాలి, ఆ అంకె రావలసిన అంకె కూడా అవ్వాలి. మావాడి బీరు మూడు రోజులు కాదు, వారమైనా 1.016 దగ్గరే ఉండేది, ఆ చలిలో. కాబట్టి అనుమానముంటే గ్లాసుడు బీరు విడిగా తీసి, ఎక్కువ ఈస్ట్ వేసి, వెచ్చగా పెట్టి చూడాలి. అది ఎక్కడికి దిగితే బకెట్లోదీ ఏదో ఒకరోజు అక్కడికే దిగుతుంది. బకెట్లో దిగాలా, సీసాలో దిగాలా అన్నది మన చేతిలో పని.

తీపి మిగలకపోయినా పేలే దారి ఇంకోటుంది. సీసా సరిగ్గా కడగకపోతే గాల్లో తిరిగే అడవి ఈస్ట్‌లు చేరతాయి. మామూలు ఈస్ట్ వదిలేసే గట్టి పిండిపదార్థాలని కూడా అవి నెలల తరబడి కొరుక్కుతింటాయి. మొదటి నెల బాగున్న సీసా నాలుగో నెలలో ఫౌంటెన్‌లా చిమ్మితే అనుమానించాల్సింది పంచదారని కాదు, బ్రష్‌ని.

పంచదార కలిపే పద్ధతిలో నాకు ఒక్కటే పట్టింపు: సీసాసీసాకీ చెంచాతో వెయ్యొద్దు. అరలీటరు సీసాకి పడేది 3 గ్రాముల లోపు. చెంచా తలకొట్టి వేశారా, గుట్టగా వేశారా అన్నదానికే గ్రామో గ్రామున్నరో తేడా వస్తుంది. ఒక సీసా చప్పగా, పక్కది ఉరకలేస్తూ తయారవుతుంది. పైగా బీరులో పొడి పంచదార పడగానే పలుకుపలుకు చుట్టూ బుడగలు లేచి మూతిలోంచి పొంగిపోతుంది. సోడాలో ఉప్పు వేస్తే ఏమవుతుందో అదే. మొత్తం పంచదార తూకం వేసి, గ్లాసుడు నీళ్లలో మరిగించి, చల్లార్చి, ఖాళీ బకెట్ అడుగున పొయ్యాలి. దానిమీదికి బీరుని గొట్టంతో గుండ్రంగా తిరిగేలా నింపాలి. పైనుంచి ధారగా పోస్తే గాలి కలిసి బీరు తొందరగా పాడవుతుంది. చివర్లో గరిటెతో నెమ్మదిగా రెండు తిప్పులు. మూతికింద రెండు వేళ్ల ఖాళీ ఉంచి మూత బిగించాలి.

ఏ తీపైనా ఫరవాలేదా అంటే, ఫరవాలేదు గానీ తూకం మారుతుంది. అక్కడి దుకాణాల్లో బీరుకోసమని అమ్మే గ్లూకోజ్ పొడిలో నీటి అంశ కలిసి ఉంటుంది, కాబట్టి 117 బదులు 135 దాకా పడుతుంది. పంచదార వేస్తే బీరు రుచి చెడుతుందని చాలామంది దానికి డబ్బు తగలేస్తారు. 20 లీటర్లలో 117 గ్రాములు ఎవరి నాలుకకీ తెలీదు. ఆల్కహాల్ కూడా 0.4 శాతం పెరుగుతుందంతే. మావాడికి మా అమ్మ పంపిన అనకాపల్లి బెల్లం వెయ్యాలని కోరిక. బెల్లంలో తేమెంతో, అసలు తీపెంతో దిమ్మదిమ్మకీ మారుతుంది. గ్రాముతో పనున్న చోట అది నమ్మదగ్గ సరుకు కాదు. అరిసెలకి ఉంచుకోమన్నాను.

తర్వాత రెండు వారాలు 20 డిగ్రీల గదిలో, చీకట్లో. ఈస్ట్ వదిలే గ్యాసు ముందు బీరులోనే కరుగుతుంది, అందులో కొంత సీసా మెడలో ఉన్న ఖాళీలోకి చేరుతుంది. వారానికే తెరిస్తే 'టప్' అని మోగినా, గ్యాసు ఇంకా పూర్తిగా పట్టి ఉండకపోవచ్చు. తెరిచే ముందు ఒకట్రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే గ్యాసు బీరులో కుదురుకుంటుంది.

వాడుండే ఊరి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1767లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే పాస్టర్ అదే లీడ్స్‌లో ఒక బీరు బట్టీ పక్కింట్లో ఉండేవాడు. పులుస్తున్న తొట్టెల మీద తేలే గ్యాసులో నీళ్లని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోస్తూ ఆడాడు. నీళ్లకి చురుకొచ్చింది. మనిషి చేతిలో తయారైన మొదటి సోడాల్లో అదొకటి. 1772లో దాని గురించి చిన్న పుస్తకం వేశాడు. మా నాన్న సందులో తిప్పిన చక్రం ఆ తొట్టె మీదినుంచే వచ్చిందని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. సోడా షాపు మనవడు లీడ్స్ వెళ్లి బీరు సీసాలు పేల్చుకోవడం వల్ల బాకీ తీరిందనుకోవాలి.

ఆ సాయంత్రం వాడు హెల్మెట్ పెట్టుకుని బీరువా తెరిచాడు. వీడియోలో చూస్తే బ్యాంకు దొంగలా ఉన్నాడు. చల్లటి సీసాలు ఒక్కొక్కటే బయటికి తెచ్చి, తువ్వాలు కప్పి, మూత కొంచెం లేపి, గ్యాసు వదిలి, మళ్లీ బిగించాడు. ఒక సీసా గ్లాసులో పోసి, బుడగలన్నీ పోయేదాకా గిలక్కొట్టి, గది వేడికి వచ్చాక హైడ్రోమీటరు వేశాడు. 1.013. ఇంకా ఒక అంకె దిగాల్సింది మిగిలే ఉంది. రెండు రోజులాగి ఇంకోసారి మూతలు లేపమన్నాను.

మార్చిలో కొత్తగా చేశాడు. ఈసారి ముప్పై తొమ్మిది గాజు సీసాలతో పాటు ఒక కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్ కూడా నింపమన్నాను. అదే బీరు, అదే పంచదార, పక్కనే పెట్టాలి. గాజు లోపల ఏముందో చేతికి తెలీదు, ప్లాస్టిక్‌ని నొక్కితే తెలుస్తుంది. మొదటిరోజు మెత్తగా ఉంటుంది, గ్యాసు పట్టేకొద్దీ బిగుస్తుంది. నాన్న సిలిండర్ మీదున్న ముల్లుకి బదులు, పది రూపాయల మీటరు.

తొమ్మిదో రోజు ఫోన్ చేశాడు. ఈసారి మంచి వేళకే. బాటిల్ని ఫోన్ దగ్గర పెట్టి వేలితో కొట్టాడు, 'టంగ్ టంగ్'మంది.

"రాయిలాగుంది మావయ్యా. తీసేనా?"

"మొన్న ఎలాగుంది?"

"ఇలాగే."

"ముందురోజు?"

"ఇలాగే మావయ్యా, ఏటి, కొలిచి రాసుకున్నాను కూడా."

"అయితే ఒకటి ఫ్రిజ్‌లో పెట్టు. ఒక్కటే."